ఫుట్‌బాల్ గురువు రహీంగారు

పదకొండుమంది చేరినంత మాత్రాన జట్టు కాదు; ఎవరెక్కడ నిలవాలో తెలిసినప్పుడే జట్టవుతుంది. ఇందుకు నిదర్శనం సయ్యద్ అబ్దుల్ రహీంగారి జీవితం.

1909లో హైదరాబాదులో జన్మించిన ఈ బడిపంతులుగారు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణం లభించింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 పరాజయం! మనవారిలో పెక్కురు బూట్లు లేకుండానే ఆడారు.

రహీంగారు క్రుంగిపోలేదు, హంగరీవారి ఆటతీరును పరిశీలించారు. సెంటర్ ఫార్వర్డును కొంత వెనక్కి నిలిపారు. అతణ్ణి వెంబడించిన ప్రత్యర్థి తన చోటు వదలగానే, ఆ ఖాళీలోకి మనవారు దూసుకుపోయేవారు. బంతిని అట్టిపెట్టుకోక వెంటనే అందించడం నేర్పారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనకు నాల్గవ స్థానం దక్కింది.

1962లో కాన్సరుతో బాధపడుతూనే జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్లారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నయిల్ సింగును రహీంగారు ముందువరుసకు మార్చారు. ఫైనల్లో అదే కొరియాపై 2-1తో గెలుపు. అందులో ఒక గోలు జర్నయిల్‌దే. 1963 జూన్‌లో రహీంగారు కన్నుమూశారు.

ఈ ఉగాదికి కొరాపుట్, రాయగడలలో బంతాడే మన పిల్లలకు, ఓడిననాడే పాఠం మొదలవుతుందని ఈ కథ చెప్పండి.