పశువుకీ మనిషికీ ఒకే బావి
(అశోక చక్రవర్తి జీవితం నుంచి)

ధమ్మ బంధువులారా,

మన జాతీయ జెండా మధ్యలో ఉన్న చక్రాన్నీ, నోట్ల మీది సింహాల గుర్తునీ మీరు రోజూ చూస్తూనే ఉంటారు. రెండూ సారనాథ్‌లోని అశోకుని స్తంభం నుంచి వచ్చినవే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన పెద్దలకు దీక్ష ఇచ్చింది కూడా అశోక విజయదశమి నాడే. ఆ అశోకుడు మనిషినీ, పశువునీ, చెట్టునీ ఏ కంటితో చూశాడో మీరు తెలుసుకోవాలి. మీ పిల్లలకి చెప్పాలి.

ఆయన చంద్రగుప్త మౌర్యుని మనవడు, బిందుసారుని కొడుకు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం జరిగింది. ఎనిమిదేళ్లకి కళింగ మీద దండెత్తాడు. ఆ యుద్ధంలో లక్ష మంది చనిపోయారు, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు. ఈ లెక్క శత్రువులు రాసింది కాదు. చేసిన పనికి బాధపడుతూ ఆయనే రాతి మీద చెక్కించాడు. గెలిచిన రాజు తన గెలుపునే తప్పుగా ఒప్పుకోవడం చరిత్రలో చాలా అరుదు. ఆ శాసనం చూడాలంటే మీరు ఎక్కడికో పోనక్కర్లేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది.

ఆ తర్వాత ఆయన బతుకే మారింది. రాజులకు సరదా అయిన వేట యాత్రలు మానేశాడు. పట్టాభిషేకం అయిన పదో ఏట బోధి వృక్షం ఉన్న చోటికి వెళ్లాడు. అప్పటి నుంచి ధమ్మ యాత్రలు మొదలుపెట్టాడు. యజ్ఞాల కోసం జీవాలను బలి ఇవ్వొద్దన్నాడు. ముందు తన వంటింటితోనే మొదలుపెట్టాడు. ఒకప్పుడు అక్కడ లెక్కలేనన్ని జీవాలను కోసేవాళ్లు. దాన్ని రెండు నెమళ్లకీ, ఒక జింకకీ తగ్గించాడు. ముందు ముందు అవి కూడా ఉండవని రాయించాడు.

దారుల వెంట మర్రి చెట్లు నాటించాడు, మామిడి తోపులు వేయించాడు, బావులు తవ్వించాడు. మనుషులకే కాదు, పశువులకు కూడా వైద్యం ఏర్పాటు చేశాడు. మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాడు. పట్టాభిషేకం అయిన 26 ఏళ్లకి ఇంకో శాసనం వేయించాడు. చిలకలు, గోరింకలు, గబ్బిలాలు, తాబేళ్లు లాంటి జీవాలను చంపకూడదన్నాడు. చూలుతో ఉన్నవీ, పాలిచ్చేవీ అయిన మేకల్నీ, గొర్రెల్నీ, పందుల్నీ కోయొద్దన్నాడు. పురుగులున్న ఊకకి నిప్పు పెట్టొద్దన్నాడు. ఊరికే అడవులు తగలబెట్టొద్దన్నాడు.

ఇక్కడ మీరు ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. అశోకుని పేరు చెప్పి మన తిండిని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. కానీ ఆ శాసనంలో నాలుగు కాళ్ల జంతువుల గురించి ఏముంది? వాడకానికీ, తినడానికీ పనికిరాని వాటిని చంపొద్దని ఉంది. అంటే, అవసరం లేకుండా ప్రాణం తీయొద్దన్నది ఆయన మాట. అశోకుడు గోవధను నిషేధించలేదని బాబాసాహెబ్ కూడా అంటరానితనం పుట్టుక గురించి 1948లో అచ్చయిన తన పుస్తకంలో చూపించారు. కరుణ వేరు, కరుణ పేరుతో మనిషిని కించపరచడం వేరు.

అశోకుని ధమ్మంలో జీవాల పట్ల దయ ఒక్కటే విడిగా నిలబడలేదు. బానిసలతో, పనివాళ్లతో మంచిగా మెలగడం, పెద్దల్ని గౌరవించడం, ప్రాణుల పట్ల నిగ్రహం, ఇవన్నీ ఒకే వరసలో చెప్పాడు. బావులూ చెట్లూ పశువుల కోసం, మనుషుల కోసం అని కలిపి రాయించాడు. ఫలానా మనుషులకి అనలేదు.

ఇప్పుడు మహాడ్‌ని గుర్తు చేసుకోండి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు ఎందుకు తాగాల్సి వచ్చింది? ఆ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనవాళ్లు మాత్రం తాకకూడదు. నదిని తల్లి అని మొక్కే సమాజమే గుక్కెడు నీళ్లకి కులం అడిగింది. ప్రకృతిని దేవతని చేసి మనిషిని వెలేస్తే అది ధమ్మం కాదు. ప్రకృతి అంతా మనిషి కోసమే ఉందని నరికి పోగేసుకోవడమూ ధమ్మం కాదు. ఏదీ ఒంటరిగా పుట్టదు, ఒకదాన్ని ఆనుకునే ఇంకొకటి ఉంటుంది అని బుద్ధుడు నేర్పాడు. నీడకీ, నీటికీ అందరూ హక్కుదారులే.

అలాగని అశోకుణ్ణి దేవుణ్ణి చేయకండి. బానిసత్వాన్ని ఆయన రద్దు చేయలేదు. కళింగ గురించి బాధపడిన ఆ శాసనంలోనే అడవి జనాలకి తన బలం గుర్తుచేసి హెచ్చరించాడు. అడవిని కాపాడాలన్న రాజు అడవిలో బతికేవాళ్లని పూర్తిగా తనవాళ్లుగా చూడలేకపోయాడు. ఆ పని మనకి మిగిలింది. ఈ రోజుకీ అడవి పేరు చెప్పి ఆదివాసీని ఖాళీ చేయిస్తుంటే మనం ఎవరి పక్కన నిలబడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

శాసనం కంటే నచ్చజెప్పడమే ఎక్కువ పని చేస్తుందని చివరికి ఆయనే గ్రహించి రాయించాడు. కాబట్టి ఈ అశోక విజయదశమికి మీ విహారం దగ్గర ఒక రావి మొక్క నాటండి. దాని పక్కన ఒక నీళ్ల తొట్టీ, ఒక కుండా పెట్టండి. తొట్టి పశువులకి, పిట్టలకి. కుండ దారిన పోయే ఎవరికైనా. కుండ ముంచుకునే చెయ్యి ఎవరిదని మాత్రం అడగకండి.

నమో బుద్ధాయ. జై భీమ్.