సిస్టర్ని తిట్టేముందు నైటింగేల్ సంగతి వినండి

ఆస్పత్రిలో సెలైన్ మార్చడం లేటయితే మన నోటికి మొదట దొరికేది నర్సమ్మే. ఫ్లోరెన్స్ నైటింగేల్ బతుకు చూడండి, లోపం ఎక్కడుందో తెలుసుద్ది.

1820లో కలిగినోళ్ళింట పుట్టింది. నర్సు పని పరువుతక్కువని ఇంట్లో వద్దన్నా వినలేదు. 1854లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి మిలటరీ ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టర్లు మొదట్లో వాళ్ళని రోగుల దగ్గరికే రానివ్వలేదు. రానిచ్చాక రాత్రింబవళ్ళు చాకిరీ చేశారు. అయినా ఆ చలికాలమంతా సైనికులు చస్తూనే ఉన్నారు, కింద మురుగు కాలవలు పూడిపోయున్నాయి మరి! 1855 మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ వాటిని బాగుచేయించాకే చావులు తగ్గాయి. మనకి దీపం పట్టుకున్న బొమ్మే చూపిస్తారు గానీ, ఇంటికెళ్ళి లెక్కలు తీసి, ఆస్పత్రి నడిపిన తీరే చంపిందని తేల్చింది కూడా ఈవిడే. తను పనిచేసిన చోటుని కూడా వదల్లేదు.

1860లో లండన్ సెయింట్ థామస్‌లో నర్సుల బడి పెట్టించింది. నర్సులుండడానికి మంచి వసతి, పైన పని తెలిసిన మేట్రన్, ఆవిడ చేతిలో అధికారం ఉండాలని పట్టుబట్టింది.

మన దేశం ఎప్పుడూ రాలేదు. కానీ కాటన్ దొర కాలవల తరఫున వాదించింది. చల్లపల్లి చేలవాళ్ళకి ఆ దొర పేరు కొత్తేం కాదు.

1910లో పోయింది. ఆవిడ పుట్టిన మే 12నే నర్సుల దినం చేస్తారు. ఆ రోజు దండేసే పెద్దసార్లు, రాత్రి డ్యూటీలో ఒక్కో సిస్టర్‌కి ఎన్ని మంచాలు అప్పజెప్పారో కూడా చెబితే బాగుణ్ణు.