పదవిని వదులుకున్న పురపాలకుడు – సర్ పిట్టి త్యాగరాయ చెట్టి

నేడు మన ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళే పిల్లవాడికి మధ్యాహ్నం అక్కడే అన్నం దొరుకుతుంది. మన రాష్ట్రంలో వండిన భోజనం పెట్టడం 2003లో ప్రారంభమైంది. కానీ బడి పిల్లలకు పురపాలక నిధులతో అన్నం పెట్టే ఆలోచన మద్రాసులో 1920లోనే ఆచరణలోకి వచ్చింది. అప్పటి నగర సంస్థ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. అప్పుడు మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. కనుక ఆయన జీవితాన్ని పాఠకుల ముందు క్లుప్తంగా ఉంచుతున్నాము.

త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో జన్మించారు. నేత ఆ కులం వృత్తి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులైనప్పటికీ ఆయన ఉద్యోగం కోసం వెదకలేదు. వ్యాపారంలోనే స్థిరపడ్డారు. సుమారు వంద మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. తోళ్ళు, ఉప్పు వ్యాపారాలు కూడా ఆ కుటుంబానికి ఉండేవి. 1909లో ఏర్పడిన దక్షిణ భారత వర్తక సంఘం స్థాపకులలో ఆయన ఒకరు.

వ్యాపారం ఎంత పెరిగినా ఊరి పనిని ఆయన విడిచిపెట్టలేదు. 1882లో మద్రాసు నగర సంస్థలో సభ్యులై దాదాపు నలభై సంవత్సరాలు అందులో కొనసాగారు. అప్పటివరకు అధ్యక్షస్థానం ప్రభుత్వ అధికారులదే. 1919 నాటి నగర పురపాలక చట్టం వచ్చిన కాలంలో ఆ స్థానానికి ఎన్నికైన మొదటి అనధికారి ఆయనే.

పేదవాడల పిల్లలు బడికి రాకపోవడానికి ఆకలి ఒక కారణమని గుర్తించి, 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక నగరపాలక పాఠశాలలో ఉచిత ఆహారం ప్రారంభించారు. ఒక్కో విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించరాదని నియమం. బడిలో హాజరు పెరిగింది. తరువాత మరికొన్ని పాఠశాలలకు విస్తరించింది. అయితే ప్రాథమిక విద్యా నిధి నుండి ఈ ఖర్చుకు ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1925లో పథకం ఆగిపోయింది. మంచి పనికి సంకల్పం ఒక్కటే చాలదు, దానికి స్థిరమైన నిధి కూడా కావాలని దీనివల్ల తెలుస్తుంది.

1916లో డాక్టర్ టి.ఎం. నాయర్, డాక్టర్ నటేశ ముదలియార్‌లతో కలిసి ఆయన దక్షిణ భారత ఉదార సమాఖ్యను స్థాపించారు. అదే జస్టిస్ పార్టీగా పేరొందింది. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలిచింది. ప్రధానమంత్రి పదవి చేపట్టమని గవర్నరు కోరగా ఆయన స్వీకరించక సుబ్బరాయలు రెడ్డియార్ పేరు సూచించారు. 1921లో ఆ పార్టీ ప్రభుత్వం ఉద్యోగాలలో వివిధ వర్గాలకు ప్రాతినిధ్యం కల్పిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో ముస్లిములు కూడా ఉన్నారు.

అయితే మనిషిని పొగిడేటప్పుడు కూడా న్యాయం తప్పకూడదు. 1921లో మద్రాసు బట్టల మిల్లు సమ్మె సమయంలో కార్మికుల మధ్య ఘర్షణలు చెలరేగాయి. అప్పుడు ఆయన, ఆయన పార్టీ నాయకులు తమ పక్షాన నిలబడలేదని ఆది ద్రావిడులు బాధపడ్డారు. వారి నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని విడిచారు. అణగిన వారి పేరుతో లేచిన పార్టీ, తమకంటే అణగిన వారిని సంతృప్తిపరచలేకపోయింది. ఇది ఆ చరిత్రలో చేదు పాఠం.

త్యాగరాయ చెట్టి 1925లో మరణించారు. చెన్నైలోని త్యాగరాయనగర్ ఆయన పేరు మీద వెలసినదే. రంజాన్ ముందు బట్టలు కొనడానికి అక్కడికి వెళ్ళే మనవారిలో ఈ సంగతి ఎరిగినవారు ఎంతమంది?

సోదరులారా! పంచాయతీ సభ్యత్వమైనా, పురపాలక సంఘ సభ్యత్వమైనా ఒక అమానత్. వ్యాపారంలో సంపాదించిన వ్యక్తి ఊరి పదవిలోకి వచ్చినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆయన ఆ పదవి నుండి ఏమి తీసుకున్నారు, ఊరి పిల్లలకు ఏమి ఇచ్చారు? ఓటు వేసే ముందు ప్రతి ఒక్కరూ ఈ లెక్క చూసుకోవాలని మేము కోరుతున్నాము.