లక్క ప్లేటులో మిగిలిన ద్వారంవారి ఫిడేలు

విజయనగరంలో ఫిడేలు నాయుడుగారంటే ఇంటిపేరుతో పనిలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు 1964 నవంబరు 25న మద్రాసులో కన్నుమూశారు. ఆయన ఎదుట కూర్చుని కచేరీ విన్న తరం దాదాపు వెళ్లిపోయింది. తర్వాత పుట్టినవారికి ఆయన కమాను నాదం అందిందంటే అది రేడియో పుణ్యం, గ్రామఫోను ప్లేట్ల పుణ్యం. అందుకే పాత ప్లేట్లు పోగుచేసే అభిరుచి ఉన్నవారు ద్వారంవారి పేరున్న ప్లేటు చేతికి వస్తే ముందుగా వెలుతురుకు పట్టి చూస్తారు. గాడి అరిగిందా, అంచు పగిలిందా అన్నదే వారి మొదటి ఆదుర్దా.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి పండుగనాడు బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నతనంలోనే చూపు మందగించడంతో బడిచదువు సాగలేదు. చూపు లేని లోటును చెవి తీర్చింది. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టి, ఇతరుల వాయిద్యాన్ని, పాటను విని విని సాధకం చేసుకున్నారు.

1919లో విజయనగరం సంస్థానాధీశులు సంగీత కళాశాల నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ఈ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చిన వెంకటస్వామి నాయుడు వాయించి చూపగా, విని ఆయననే అధ్యాపకునిగా నియమించారని ఈ పట్టణంలో నేటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయస్సు 26. దాసుగారి తర్వాత 1936లో కళాశాల అధ్యక్ష పదవి నాయుడుగారిని వరించింది. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడ సంగీతం నేర్చుకున్నది నాయుడుగారి ఏలుబడిలోనే. శిష్యునివంటి ఆ గాయకుని గొంతు సినిమా ప్లేట్ల మీద ఊరూరా మార్మోగింది. అధ్యక్షులవారి ఫిడేలుకు దొరికిన ప్లేట్లు మాత్రం తక్కువే.

పక్కన కూర్చున్న వాద్యం

ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. తెల్లవారితో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినవారిలో ముఖ్యులు. గమకాన్ని, అనుస్వరాన్ని గొంతులాగే పలికించగల వాద్యం కావడంతో గాయకుల పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ పీట చాలాకాలం పక్క పీటే. గాయకుడు పాడినది వాయించడం, ఆయన ఆగినచోట అందుకోవడం ఫిడేలు విద్వాంసుని పని. నాయుడుగారు కూడా పేరుమోసిన గాయకులకు పక్కవాద్యం వాయించారు. 1938లో వేలూరులో మాత్రం ఫిడేలును ముందు పెట్టుకుని తొలిసారి తానే ప్రధానంగా కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయస్సు 45కు చేరువలో ఉంది.

ఆ రోజుల్లో దక్షిణాదిన ఫిడేలుకు మూడు పేర్లు చెప్పేవారు. ద్వారంవారు, మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై. పెద్ద సభల్లో నాలుగు తీగల ఫిడేలు చివరి వరుసకు వినపడదని చౌడయ్యగారు ఏడు తీగల ఫిడేలు తయారు చేయించుకున్నారు. నాయుడుగారు నాలుగు తీగలను విడువలేదు. ఆయన బలం గట్టిదనంలో కాదు, నాదం నిండుదనంలో ఉంది. పొడుగాటి కమానుతో, తెంపు లేకుండా స్వరాన్ని సాగదీయడంలో పాశ్చాత్యుల కమాను పద్ధతిని ఆకళింపు చేసుకున్నారని తెలిసినవారు అంటారు. అటువంటి నాదం దూరానికి చేరాలంటే మైకు కావాలి. మైకు సరిగ్గా ఆ కాలానికే వచ్చింది.

బాకా నుంచి మైకుకు

మైకు మేలు కచేరీకే కాదు, ప్లేటుకు కూడా కలిగింది. 1925కు ముందు రికార్డు చేయడమంటే పెద్ద బాకా ఎదుట నిలబడి పాడడం, వాయించడం. ఆ శబ్దపు ఊపు సూదిని కదిలిస్తే మైనం మీద గాడి పడేది. గొంతు పెద్దదైన గాయకులు అందులో నెగ్గేవారు. ఫిడేలు నెగ్గేది కాదు. దాని సన్నని నాదం బాకాలో ఆవిరైపోయేది. ఈ చిక్కు తీర్చడానికి స్ట్రో అనే ఆయన చెక్క డొలకు బదులు లోహపు బాకా తగిలించిన ఫిడేలునే తయారు చేశారు. 1925లో విద్యుత్తుతో, మైకుతో రికార్డు చేసే పద్ధతి మొదలై, కొద్ది కాలానికి మన దేశానికీ వచ్చింది. నాయుడుగారు ఒక ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఆయన నాదంలోని మెత్తదనం ప్లేటు మీద పడేదే కాదు.

అయితే ప్లేటుకు ఒక గట్టి షరతు ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. పన్నెండు అంగుళాలదైతే నాలుగు, నాలుగున్నర. అందులోనే రాగం రంగు చూపాలి, పల్లవి ఎత్తాలి, అనుపల్లవి, చరణం ముగించాలి. కచేరీలో ఒక రాగాలాపనకే అరగంట తీసుకునే విద్వాంసునికి ఇది ఎంత ఇరుకో ఊహించవచ్చు. కాకపోతే ఆ ఇరుకు వల్ల ఒక లాభం లేకపోలేదు. అనవసరమైన సంగతి ఒక్కటి ఉండదు. నేర్చుకునే పిల్లలు అదే ప్లేటును పదిసార్లు వేసుకుని, సంగతి సంగతి పట్టుకోవచ్చు. గురువు గుమ్మం తొక్కే వీలులేని ఊళ్లలో ప్లేటే గురువు.

ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. ప్రపంచమంతటా గ్రామఫోను కంపెనీలు వాడిన లక్కలో అధికభాగం మన దేశపు అడవుల్లో మోదుగ, కుసుమ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టినదే. దానికి రాతిపొడి, మసి కలిపి అచ్చువేసేవారు. చేయి జారిందా, ముక్కలే. ఉక్కు సూదిని వైపుకొకటి మార్చాలి. మార్చకపోతే గాడి దెబ్బతింటుంది. తాళంచెవి చుట్టడం మరచిపోతే స్ప్రింగు సడలి శ్రుతి దిగిపోతుంది. సినిమా పాటకైతే సర్దుకోవచ్చు గాని, ఫిడేలు శ్రుతి జారితే చెవి ఒప్పదు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ నాయుడుగారిని వరుసగా వరించాయి. 1952లో ఢిల్లీలో అంధుల సహాయార్థం కచేరీ చేశారు. నల్ల కళ్లద్దాలతో ఆయన ఫొటో చూసినవారికి ఆ కచేరీ విలువ వేరే చెప్పనక్కరలేదు.

మెనూహిన్ విన్నారు

అదే 1952లో ప్రపంచ ప్రఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ప్రధాని నెహ్రూ ఆహ్వానంపై భారతదేశం వచ్చి, కరువు సహాయ నిధికి కచేరీలు చేశారు. ఆ పర్యటనలో నాయుడుగారి వాద్యం విని ముగ్ధులయ్యారు. ఇద్దరూ ఒకే వాద్యం పట్టినవారే. ప్లేట్ల విషయంలో మాత్రం వారి రాత ఒకటి కాదు. మెనూహిన్ పదహారేళ్ల వయస్సులో, 1932లో, లండన్‌లో ఎల్గార్ ఫిడేలు కన్సర్టోను సాక్షాత్తు ఎల్గార్ సారథ్యంలో రికార్డు చేశారు. సుమారు యాభై నిమిషాల ఆ రచనకు ఆరు ప్లేట్లు పట్టాయి. లాంగ్ ప్లే వచ్చాక దానిని ఎల్పీకి ఎక్కించారు, ఆ తర్వాత క్యాసెట్టుకు, సీడీకి. పాశ్చాత్య దేశాల్లో ఫిడేలు ఎల్పీలు సేకరించేవారు మొదటి ముద్రణ ఏది, రెండవది ఏది అని లేబులు రంగు చూసి తేల్చుకుంటారు. కంపెనీలు జాబితాలు అచ్చువేసి, అచ్చులు భద్రపరచినందువల్లనే ఇది సాధ్యమైంది.

ఎల్పీ అమెరికాలో 1948లో వచ్చింది. నిమిషానికి 33 చుట్లకు పైచిలుకు తిరుగుతూ, ఒక వైపు ఇరవై నిమిషాలకు మించి వినిపించే వినైల్ ప్లేటు అది. రాగం, తానం, పల్లవి తీరిగ్గా వాయించడానికి తగిన సాధనం. మన దేశంలో అది బజారుకెక్కి స్థిరపడేనాటికి నాయుడుగారికి అరవై ఐదేళ్లు దాటాయి. మంచి వయస్సులో ఉండగా ఆయన చేతికి అందినది మూడు నిమిషాల లక్క ప్లేటు మాత్రమే. ఆయన విస్తారంగా వాయించినది కొంతవరకైనా మిగిలిందంటే ఆకాశవాణి టేపుల వల్లనే. అక్కడ కూడా టేపు వాడుకలోకి రాకముందు జరిగిన ప్రసారాలు అప్పటికప్పుడు గాలిలో కలిసిపోయినవే.

ఈ సంగతి తెలిసినవారికి ద్వారంవారి ప్లేటు మీద మమకారం ఎందుకో అర్థమవుతుంది. అయితే మమకారం ఒక్కటే చాలదు. ఎల్పీ ముల్లుతో 78 ప్లేటు వేయరాదు. ఎల్పీ ముల్లు కొన అంగుళంలో వెయ్యో వంతు ఉంటే, 78 గాడికి దాదాపు మూడింతల లావు కావాలి. సన్న ముల్లు గాడి అడుగున దుమ్ములో దొర్లి బరబర తప్ప మరేమీ వినిపించదు. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చితే కిందివి పగులుతాయి. నిలబెట్టి ఉంచాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, భీమిలి వంటి చోట్ల వానాకాలంలో గాడిలో బూజు పడుతుంది. లక్క ప్లేటును స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగిపోతుంది. వినైల్‌కు అలవాటుపడినవారు ఇక్కడే పొరబడతారు. పేరుకు 78 అయినా ఆ కాలపు ప్లేట్లన్నీ కచ్చితంగా అదే వేగంలో రికార్డయినవి కావు. అందుకని శ్రుతి తెలిసినవారు పక్కన కూర్చుని వేగం సరిచేయవలసి ఉంటుంది.

1993లో నాయుడుగారి శతజయంతికి తపాలా శాఖ బిళ్ల విడుదల చేసింది. విశాఖలో ఆయన పేరిట కళాక్షేత్రం వెలిసింది. కుమార్తె ద్వారం మంగతాయారు, అన్నగారి వంశంలోని ద్వారం నరసింగరావు ఆ బాణీని నిలబెట్టిన వారిలో ప్రముఖులు. అభిమానులు పాత ప్లేట్లను టేపులకు, ఆ తర్వాత కంప్యూటర్లకు ఎక్కించుకుని పంచుకుంటూ వచ్చారు. ప్లేటు రెండు వైపులా పంచి వాయించిన కీర్తనలను అలా ఒకటిగా కలిపినచోట, అనుపల్లవి ముగిశాక చిన్న బరబర, ఒక క్షణం మౌనం వినిపిస్తాయి. ప్లేటు తిరగేసిన చోటు అది. ఆ తర్వాత కమాను మళ్లీ అదే శ్రుతిలో అందుకుంటుంది.