గిటారుశిల్పి ఆంటోనియో డి టోర్రెస్

స్పెయిన్ దేశపు దక్షిణభాగమున ఆల్మేరియా పట్టణము చెంత 1817వ సంవత్సరము జూన్ 13వ తేదీని ఆంటోనియో డి టోర్రెస్ జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే అతడు వడ్రంగము నేర్వ నారంభించెను. యౌవనముననే కష్టములు చుట్టుముట్టెను. ముగ్గురు కుమార్తెలలో ఇద్దరు మరణించిరి. 1845లో భార్యయు క్షయరోగమున గతించెను. పిమ్మట అతడు సెవిల్ నగరము చేరి గిటారులు చేయుచు జీవించెను. 1858లో ఆ నగర ప్రదర్శనమున అతని పనికి కంచుపతకము లభించెను.

వీణకు దండి యెట్టిదో గిటారునకు మెడ యట్టిది. ఆరు తంతులును దానిని రేయింబవళ్లు సుమారు 40 కిలోగ్రాముల బలముతో లాగుచుండును. కర్ర బలహీనమైనచో మెడ వంగును. మిక్కిలి బరువైనచో వాద్యము మెడవైపునకు వాలి యెడమచేతికి భారమగును. టోర్రెస్ ఇందులకు స్పానిష్ సీడర్ అను కర్రను వాడెను. పేరు సీడరే గాని యిది దేవదారు కాదు; మన వేప కుటుంబమునకు చెందిన అమెరికాఖండపు వృక్షము. ఇది తేలికైనది, ఉలికి లొంగునది, బాగుగ ఆరిన పిమ్మట మెలిపడనిది. అందును చారలు మెడపొడవున తిన్నగా సాగిన ముక్కనే యేరుకొనవలెను. స్పెయిన్ పద్ధతిలో గిటారు ప్రక్కపలకలు మెడ మొదటనున్న గాళ్లలో దిగి యుండును. కావున మొదట తప్పు కర్ర నేరుకొన్నచో, తరువాత మెడను మార్చుట మిగుల దుష్కరము.

ఏ భాగమున కేది ముఖ్యమో అతడు చక్కగా నెరుగును. నాదమునకు పైపలకయే ప్రధానమని చూపుటకై 1862లో అడుగును, ప్రక్కలను అట్టతో చేసి యొక గిటారు నిర్మించెను. అది నేడును బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది. ప్రసిద్ధ వాదకుడు ఫ్రాన్సిస్కో తార్రెగా టోర్రెస్ 1864లో చేసిన గిటారునే చిరకాలము వాయించెను.

ఇంత కీర్తి వచ్చినను ధనము రాలేదు. 1870 ప్రాంతమున అతడు దుకాణము మూసి, ఆల్మేరియాకు మరలి పింగాణి సామాను అమ్ముకొనవలసి వచ్చెను. అయినను 1875లో మరల ఉలి చేపట్టి, 1892లో మరణించువరకు విడువలేదు. నేటి గిటారు రూపమునకు అతని పనియే ఆదర్శమైనది.

బాలబాలికలారా, వినువారు నాదమును మెచ్చుకొందురు గాని మెడకర్రను తలపరు. ఎవరును చూడని ఆ కర్రను ఓపికతో నేరుకొన్నందుననే టోర్రెస్ పని నిలిచినది.