బేస్‌బాల్ వ్యూహకర్త బ్రాంచ్ రికీ

క్రీడారంగములో కీర్తి సామాన్యముగా ఆడినవారికే దక్కును. ఆడించినవారిని లోకము త్వరగా మరచిపోవును. అమెరికా దేశమున మిక్కిలి ప్రజాదరణ పొందిన బేస్‌బాల్ చరిత్రలో మాత్రము, ఆటగాడుగా విఫలుడై, జట్లను నిర్మించుటలో అసాధారణ ప్రజ్ఞ కనపరచి, ఆడినవారితో సమానముగా పేరు పొందిన ఒక వ్యక్తి కలడు. ఆయనయే వెస్లీ బ్రాంచ్ రికీ. పేరుమోసిన ఆటగాళ్ళను ఎప్పుడు వదులుకొనవలెను, వారిని ఇచ్చివేసి లేతవయసు పిచర్లను తెచ్చుకొనుట జట్టునకు మేలా కీడా అను వాదము ఆ దేశములో నేటికీ ప్రతి సంవత్సరము తలెత్తుచునే యున్నది. రికీ జీవితమును పరిశీలించినచో ఆ వాదమునకు సంబంధించిన సాక్ష్యమంతయు ఒక్కచోటనే లభించునని మా అభిప్రాయము.

క్రికెట్టు తెలిసిన మన విద్యార్థులకు ఈ ఆటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. పిచర్ మన బౌలరు వంటివాడే. కాని బంతిని నేలకు తాకించక, చేతిని వంచి, బ్యాటు పట్టినవాని వైపునకు నేరుగా విసరును. క్రికెట్టులో ఓవరు ఓవరుకు బౌలరు మారును. బేస్‌బాల్‌లో ఆట మొదలుపెట్టిన పిచరే అలసిపోవునంతవరకు విసరుచుండును. ఒక్క ఆటలో నూరు బంతుల వరకు విసరిన భుజమునకు తరువాత మూడు నాలుగు దినముల విశ్రాంతి తప్పదు. రికీ కాలములో ఒక్కొక్క జట్టు ఏడాదికి 154 ఆటలు ఆడెడిది. కావున ఒక్క మంచి పిచర్ చాలడు, నలుగురైదుగురు కావలెను. పైగా ఆ భుజము ఏనాడు చెడునో వైద్యులు కూడ ముందుగా చెప్పలేరు.

ఇంకొక సంగతి కూడ తెలిసియుండవలెను. ఆ దినములలో ఆటగాడు ఒకసారి ఒప్పందముపై సంతకము చేసినచో, ఆ జట్టు విడిచిపెట్టిననే తప్ప మరియొక జట్టులో ఆడుటకు వీలులేదు. జట్టు మాత్రము అతనిని అమ్మవచ్చును, మరియొకనితో మార్చుకొనవచ్చును. అతని సమ్మతి అక్కరలేదు. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతోనే ఈ కట్టుబాటు సడలినది. రికీ చేసిన బేరములన్నియు ఈ కట్టుబాటు నీడలో జరిగినవే.

రికీ 1881 డిసెంబరు 20వ తేదీన ఒహాయో రాష్ట్రములో, దైవభక్తి గల ఒక వ్యవసాయ కుటుంబములో జన్మించినారు. ఆదివారము ఆడనని నియమము పెట్టుకొని, ఆ నియమము కొరకు సిన్సినాటి జట్టులో స్థానమును పోగొట్టుకొన్నారు. ఆయన క్యాచరు, అనగా మన వికెట్‌కీపరు వంటివాడు. 1907లో న్యూయార్క్ జట్టు తరఫున ఆడుచుండగా ఒక్క ఆటలో ప్రత్యర్థులు ఆయన కన్నుగప్పి 13 పర్యాయములు తదుపరి స్థానమునకు పరుగెత్తినారు. ఆ రికార్డు ఆయన పేరునకు అంటుకొనియే యున్నది. తరువాత క్షయవ్యాధి సోకినది. కోలుకొని మిషిగన్ విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదువుచు, అచ్చటి విద్యార్థుల జట్టునకు శిక్షకుడైనారు.

కళాశాల జట్టులో ఎంతటి మేటి ఆటగాడైనను చదువు ముగియగానే వెళ్ళిపోవలసినదే. అతనిని ఉంచవలెనా పంపవలెనా అను చర్చకు తావులేదు. ఏటేటా క్రొత్తవారిని వెదకి తీర్చిదిద్దుకొనవలెను. మన అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేయువారికి ఈ చిక్కు తెలియనిది కాదు. రికీ తరువాత అనుసరించిన పద్ధతికి బీజము ఇచ్చటనే పడినదని మాకు తోచుచున్నది.

1917లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టునకు ఆయన అధ్యక్షుడైనారు. అది నిరుపేద జట్టు. చిన్న ఊళ్ళ జట్లలో మంచి కుర్రవానిని రికీ మనుష్యులు గుర్తించినంతనే, ఆ వార్త విని ధనిక జట్లు వచ్చి ఎక్కువ వెలకు వానిని తన్నుకొని పోయెడివి. ఈ బాధ పడలేక రికీ ఆ చిన్న జట్లనే కొనుట ఆరంభించినారు. కార్డినల్స్ తమ పాత మైదానమును అమ్మివేసి, 1920 నుండి అద్దె మైదానములో ఆడినందున మిగిలిన సొమ్ము దీనికి అక్కరకు వచ్చినది. అమెరికనులు ఈ ఏర్పాటును పొలముతో పోల్చి ఫార్మ్ అని పిలిచినారు. మన రైతుల మాటలో నారుమడి అనుట సముచితము. 1940 నాటికి ముప్పదికి పైగా జట్లు, వందలాది ఆటగాళ్ళు ఈ నారుమడిలో ఉన్నారు. వందమందిని పెంచిననే పదిమంది పైకి వత్తురనియు, ఆ పదిమందిలో ఎవరు నిలుతురో ముందుగా చెప్పుట అసాధ్యమనియు ఆయన ఎరుగుదురు. ఈ ఎరుక పిచర్ల విషయములో మరింత అవసరము.

నారు ఏపుగా ఎదుగుచుండగా ముదిరినదానిని పెరికివేయవలసి వచ్చును. ఆటగాని విలువ తగ్గిన పిమ్మట కంటె, తగ్గుటకు ఒక సంవత్సరము ముందుగనే వానిని పంపివేయుట మేలని రికీ నమ్మకము. ఈ నమ్మకమునకు ప్రసిద్ధ ఉదాహరణము డిజ్జీ డీన్. డీన్ 1934లో 30 ఆటలు గెలిపించిన పిచర్. ఆ యేటి ప్రపంచ ఛాంపియన్లైన కార్డినల్స్‌కు ప్రాణము వంటివాడు. 1937లో ఒక బంతి తగిలి అతని కాలివ్రేలు విరిగినది. అది పూర్తిగా మానకముందే విసరుట ఆరంభించి, నొప్పి తగ్గించుకొనుటకై విసరు తీరు మార్చి, భుజమును పాడుచేసికొన్నాడు. 1938 ఏప్రిల్‌లో రికీ అతనిని చికాగో కబ్స్‌కు ఇచ్చివేసి, ఇద్దరు పిచర్లను, ఒక ఫీల్డరును, 1,85,000 డాలర్లను పుచ్చుకొన్నారు. డీన్ ఆ సంవత్సరము చికాగోకు 7 ఆటలు గెలిపించినాడు. వారు లీగు విజేతలైనారు. అటుపిమ్మట అతని ఆట ముగిసినదే. వచ్చిన పిచర్లలో కర్ట్ డేవిస్ 1939లో కార్డినల్స్‌కు 22 ఆటలు గెలిపించినాడు. అప్పటికి డేవిస్ ముప్పదియైదు దాటినవాడను సంగతి గమనింపదగినది.

1941 డిసెంబరులో జానీ మైజ్‌ను న్యూయార్క్ జయంట్స్‌కు పంపినప్పుడు లెక్క ఇంత సరిగా కుదరలేదు. మైజ్‌కు అప్పటికి ఇరువదియెనిమిది ఏండ్లే. అంతకు ముందటి యేడు 43 హోమ్ రన్‌లు, అనగా మన సిక్సర్ల వంటివి, కొట్టినవాడు. యుద్ధకాలములో నౌకాదళములో పనిచేసి తిరిగివచ్చి 1947లో 51 కొట్టినాడు. అతనికి బదులుగా 50,000 డాలర్లతో పాటు వచ్చిన మువ్వురిలో ఒక పిచర్ ఉన్నాడు. ఆ పిచర్ కొద్ది ఆటలు ఆడి, మరల న్యూయార్క్‌కే చేరినాడు. అయినను 1942లో కార్డినల్స్ 106 ఆటలు గెలిచి, ఆగస్టులో పది ఆటలు వెనుకబడియున్న స్థితి నుండి బ్రూక్లిన్‌ను దాటి, ప్రపంచ పోటీలో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించినారు. గెలిపించిన పిచర్లు ఎవరు? బేరములో వచ్చినవారు కారు. సొంత నారుమడిలో పెరిగినవారే. వారిలో జానీ బీజ్లీ అను తొలియేటి యువకుడు 21 ఆటలు, ప్రపంచ పోటీలో మరి రెండు గెలిచినాడు. ఆపైన సైన్యమునకు పోయి, అచ్చట భుజము చెడి, మరల ఎన్నడును ఆ స్థాయికి రాలేదు. మైజ్ వంటివానిని ఇచ్చి బీజ్లీ వంటి ఒక్కనిని తెచ్చుకొన్న జట్టు ఏమై యుండునో పాఠకులే ఊహింపగలరు. కార్డినల్స్‌కు బీజ్లీ పోయినను వెనుక మరి నలుగురు సిద్ధముగా ఉన్నారు.

ఈ సందర్భమున ఒక అప్రియమైన విషయమును దాచుట న్యాయము కాదు. ఆటగాళ్ళను అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత భాగము రికీకి ముట్టునట్లు ఒప్పందము ఉండెడిది. జీతముల విషయములో ఆయన పరమ పిసినారియని పత్రికలు ఎగతాళి చేసినవి. అమ్మకము జట్టు మేలు కొరకా, అమ్మినవాని లాభము కొరకా అను సందేహమునకు ఇట్టి ఒప్పందము ఎల్లప్పుడు తావిచ్చును. నారుమడిలో ఎదుగుబొదుగు లేక బంధింపబడిన డెబ్బదిమందికి పైగా ఆటగాళ్ళను 1938లో బేస్‌బాల్ కమిషనరు లాండిస్ విడుదల చేయించినారు. రికీ మేధాశక్తిని మెచ్చుకొనువారమైనను, ఈ రెండు విషయములలో ఆయనను సమర్థించుట మాకు సాధ్యము కాలేదు.

1942 చివర ఆయన బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు వెళ్ళినారు. యుద్ధము కారణముగా ఇతర జట్లు క్రొత్తవారిని చేర్చుకొనుట తగ్గించిన సమయములో ఆయన వందలాది కుర్రవాళ్ళతో ఒప్పందములు చేసికొన్నారు. ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో పాత నౌకాదళ విమానస్థావరమును శిక్షణ శిబిరముగా మార్చి, దారములతో చతురస్రమును కట్టి, దాని గుండా బంతి విసరుటను యువ పిచర్లకు అభ్యాసము చేయించినారు. రెక్స్ బార్నీ అనువాని బంతి వేగము అపారము. గురి మాత్రము కుదరలేదు. 1948 సెప్టెంబరులో ఒక్క హిట్ అయినను ఇవ్వకుండ ఒక ఆటను ముగించి దేశమును ఆశ్చర్యపరచిన ఆ యువకుడు, 1950 తరువాత పెద్ద జట్లలో కనిపించనేలేదు. దారములు కట్టినను భుజమునకు బుద్ధి నేర్పుట కష్టమే!

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్‌ను బరిలోనికి దించి, నల్లజాతి ఆటగాళ్ళపై అప్పటికి ఆరు దశాబ్దములుగా అమలులో ఉన్న నిషేధమును రికీ బద్దలు కొట్టిన కథ జగద్విదితము. ఒహాయో వెస్లియన్ కళాశాల జట్టునకు శిక్షకుడుగా ఉన్నప్పుడు చార్లెస్ థామస్ అను నల్లజాతి ఆటగానికి హోటలువారు గది నిరాకరింపగా, తన గదిలోనే మంచము వేయించిన సంఘటన ఆయన మనస్సులో నిలిచిపోయినది. మన ప్రస్తుత విషయమునకు ఇందులో సంబంధించినది డాన్ న్యూకోంబ్ కథ. ఇతర జట్లు యువ పిచర్ కొరకు మేటి ఆటగాళ్ళను ధారపోయుచుండగా, చర్మపు రంగు కారణముగా అందరును కన్నెత్తి చూడని చోట రికీ వెదకినారు. న్యూకోంబ్ 1949లో తొలియేడే 17 ఆటలు గెలిపించినాడు. డాడ్జర్స్ లీగు విజేతలైనారు. అతని కొరకు ఏ ఆటగానిని వదులుకొనవలసిన అవసరము కలుగలేదు. అయితే రాబిన్‌సన్, న్యూకోంబ్‌లను పెంచిన నల్లజాతి జట్లకు ఒక్క డాలరైనను ఇవ్వలేదనుట కూడ చరిత్రయే.

బ్రూక్లిన్ ప్రజల ముద్దుబిడ్డ డిక్సీ వాకర్‌ను 1947 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌కు పంపిన బేరము ఆయన బేరములలో ఉత్తమమైనది. రాబిన్‌సన్‌తో కలిసి ఆడుటకు ఇష్టపడని వాకర్‌కు అప్పటికి ముప్పదియేడు. మరి ఇద్దరు పిచర్లతో పాటు అతనిని ఇచ్చి, ప్రీచర్ రో అను పిచర్‌ను, బిల్లీ కాక్స్ అను ఫీల్డరును, మరియొకనిని తెచ్చినారు. రో ఆ యేడు 4 గెలిచి 15 ఓడినవాడు, వయస్సు ముప్పదియొకటి. 1951లో అతడే 22 గెలిచి 3 మాత్రము ఓడినాడు. లేతవయసే సర్వస్వమనుకొనువారు ఈ ఒక్క బేరమును జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1950లో డాడ్జర్స్‌లోని తన వాటాను పది లక్షల డాలర్ల ప్రాంతమునకు అమ్మి, రికీ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు చేరినారు. ఇచ్చట నారుమడియే బీడుగా ఉన్నది. ఆయన గుంపులు గుంపులుగా కుర్రవాళ్ళను తెచ్చి ఆడింపగా, 1952లో ఆ జట్టు 42 గెలిచి 112 ఓడినది. ఆ యేడు మే నెలలో రాన్ నెచియాయ్ అను పందొమ్మిదేండ్ల పిచర్ బ్రిస్టల్ అను చిన్న ఊరి జట్టు తరఫున ఒక్క ఆటలో 27 మందిని బంతి కొట్టనీయక అవుట్ చేసినాడు. ఆటలో ఒక జట్టునకు ఉండు అవుట్లే 27! ఆగస్టులో అతనిని పిట్స్‌బర్గ్‌కు రప్పించినారు. 1 గెలిచి 6 ఓడినాడు. పిమ్మట సైన్యము, కడుపులో పుండు, చెడిన భుజము. మరల పెద్ద జట్టులో ఆడలేదు.

1953 జూన్‌లో రాల్ఫ్ కైనర్‌ను చికాగోకు ఇచ్చివేసినారు. కైనర్ 1946 నుండి 1952 వరకు వరుసగా ఏడేండ్లు హోమ్ రన్‌లలో లీగుకు ప్రథముడు. ఓడిపోవు జట్టును చూచుటకు జనము వచ్చుచున్నదనినచో అతని కొరకే. 90,000 డాలర్ల జీతమును 75,000కు తగ్గించి, ఆపైన పదిమంది ఆటగాళ్ళ మార్పిడిలో పంపివేసినారు. ఆరుగురు ఆటగాళ్ళు, 1,50,000 డాలర్లు వచ్చినవి. 1960లో పిట్స్‌బర్గ్ ప్రపంచ విజేత అయినప్పుడు ఆ ఆరుగురిలో ఒక్కడును జట్టులో లేడు. ఉన్నదెవరు? 1954లో బ్రూక్లిన్ నిర్లక్ష్యము చేయగా రికీ ఎన్నుకొన్న రాబర్టో క్లెమెంటె, ఆయన హయాములోనే చేరిన మజెరోస్కీ, గ్రోట్, పిచర్ ఫేస్. అంటే బేరము ఫలింపలేదు, వెదకుట ఫలించినది. ఫలమును చూచిననాటికి రికీ ఆ పదవిలో లేరు. 1955 చివరనే తప్పుకొన్నారు.

1962లో ఎనుబది ఏండ్ల వయస్సున సలహాదారుగా మరల సెయింట్ లూయిస్ చేరినారు. తన నారుమడిలోనే పెరిగిన స్టాన్ మ్యూజియల్ ఆ యేడు నలుబదియొక్క ఏండ్ల వయస్సులోను 330 సగటుతో ఆడియుండెను. అయినను అతడు విరమించుట మంచిదని రికీ అభిప్రాయపడినారు. ఆ మాట బయటపడగా నగరమంతయు మండిపడినది. మ్యూజియల్ 1963లో కూడ ఆడినాడు. సగటు 255కు పడిపోయినది. ఆ యేటితో విరమించినాడు. 1965 నవంబరు 13న మిస్సోరీ రాష్ట్రములోని కొలంబియాలో ఒక సన్మాన సభలో ప్రసంగించుచు రికీ కుప్పకూలినారు. స్పృహ రాకుండగనే డిసెంబరు 9న కన్నుమూసినారు. 1967లో బేస్‌బాల్ కీర్తి మందిరములో ఆయనకు స్థానమిచ్చినారు.