పాట్రిక్ గెడ్డిసు: పట్టణవైద్యుఁడు

1854లో స్కాట్లండునఁ బుట్టిన పాట్రిక్ గెడ్డిసు వృక్షశాస్త్రపండితుఁడు. పట్టణమునుగూడఁ బ్రాణముగల చెట్టుగానే చూచెను. 1887లో భార్యతో ఎడింబరో నడిబొడ్డునందలి పాత మురికిలోగిలిలోఁ గాపురముండి, ఇరుగుపొరుగువారితోఁ గలిసి గోడలకు వెల్లవేసి, పాడుస్థలములఁ దోటలు పెంచెను.

1914లో హిందూదేశమునకు వచ్చి తంజావూరు, మధుర మొదలగు పట్టణముల సందుగొందులు కాలినడకఁ జూచెను. తిన్నని వెడల్పు వీథులకై బీదల యిండ్లు పడఁగొట్టరాదనియు, నిలువనీడ పోయినవారు పొరుగిండ్లఁ గ్రిక్కిఱిసి రోగములపాలగుదురనియు వాదించెను. శిథిలగృహములు మాత్రము తీసివేసి, ఆ చోటులఁ జెట్లు నాటుట యాయన పద్ధతి. పలువురు ఇంజనీర్లకిది రుచింపలేదు. మాకు మిక్కిలి యుక్తముగాఁ దోఁచుచున్నది.

ఇండోరులో ప్లేగు వ్యాపింపఁగా, దీపావళి యూరేగింపు శుభ్రమైన వీథులగుండనే పోవునని చాటించెను. బండ్లకొలఁది చెత్త కదలెను! పెద్ద యెలుకబొమ్మను ఊరేగించి కాల్చిరి. ఆ నగరముపై 1918లో రెండు సంపుటముల నివేదిక వెలువరించెను. 1932లో ఫ్రాన్సుదేశమందు మృతినొందెను.